అన్నీనా, కొన్నా?

తొమ్మిదో తరగతిలో మా ఇంగ్లీషు మాస్టారు నల్లబల్ల మీద ఒకే వాక్యాన్ని రెండుసార్లు రాశారు: ‘మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ గుంటూరు ఈజ్ ఎ టీచర్.’ రెండోదాంట్లో మాత్రం ‘బ్రదర్’ తర్వాత ఒక కామా, ‘గుంటూరు’ తర్వాత ఒక కామా పెట్టారు. ‘‘ఒరేయ్, వీళ్లలో అన్నదమ్ములు ఎక్కువమంది ఉన్నది ఎవరికిరా?’’ అన్నారు. ఎవరమూ చెప్పలేకపోయాం. కామాలు లేకపోతే ఉన్న పలువురిలో గుంటూరు అన్న అని. కామాలుంటే ఉన్నది ఒక్కడే, ఊరు పేరు అదనంగా చెప్పిన ముక్క. తెలుగులో ‘గుంటూరులో ఉండే మా అన్నయ్య’ అంటే రెండర్థాలూ వస్తాయి. అందుకే మాకది తట్టలేదు.

కామా మొదట అర్థం కోసం పుట్టలేదు. క్రీస్తుపూర్వం 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో అరిస్టోఫేన్స్ అనే పండితుడు, పైకి చదివేవారు ఎక్కడ ఆగాలో తెలియడానికి చుక్కలు పెట్టాడు. ‘కామా’ అనే గ్రీకు మాటకు తెగిన ముక్క అని అర్థం. 1490లలో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చువేసిన పుస్తకాలతో ఇప్పటి తోక రూపం వ్యాప్తిలోకి వచ్చింది. 1795లో లిండ్లీ మరే తన ఇంగ్లీషు వ్యాకరణంలో కామా అంటే అతి చిన్న విరామమనీ, సెమికోలన్ దానికి రెట్టింపనీ ఊపిరి లెక్కే చెప్పాడు. అయితే, వెనక వచ్చే ఉపవాక్యం నామవాచకం అర్థాన్ని పరిమితం చేస్తే కామా పెట్టకూడదని అదే పుస్తకంలో రాశాడు. మా మాస్టారు చెప్పింది ఆ సూత్రమే. 1906లో ఫౌలర్ సోదరులు ‘ది కింగ్స్ ఇంగ్లీష్’ పుస్తకంలో, పరిమితం చేసేచోట ‘దట్’, అదనంగా చెప్పేచోట ‘విచ్’ వాడితే మేలన్నారు.

ఈ పాఠం విలువ నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలిసింది. ‘ద పంప్స్, విచ్ ఆర్ లీకింగ్, షుడ్ బి రిప్లేస్డ్’ అని సరఫరాదారుకు ఉత్తరం రాశాను. ఉన్నవి 12 పంపులు, కారుతున్నవి 3. నా కామాలు మాత్రం పన్నెండూ కారుతున్నాయన్నాయి. వాళ్లు వచ్చి పన్నెండూ విప్పేశారు. పని రెండు రోజులు ఆగింది. తప్పు వాళ్లది కాదు, నాది.

ఆ రాత్రి నల్లబల్ల గుర్తొచ్చింది. ‘‘రాసేముందు అడుగు: అన్నీనా, కొన్నా?’’ అనేవారు మాస్టారు. ఈరోజుకీ మా కుర్ర ఇంజనీర్లు ఉత్తరం పట్టుకొస్తే సంతకం పెట్టేముందు నేను అడిగేది అదే. మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన ప్రశ్న మాత్రం రోజూ మా ఆఫీసుకు వస్తూనే ఉంది.