నానో దిగిన మెట్లు

టాటా నానో ఏ ఏడాది ఎన్ని అమ్ముడుపోయిందో ఆ తొమ్మిది అంకెలూ ఎక్సెల్‌లో కొట్టి బార్ చార్ట్ గీస్తే మొదటి మూడు స్తంభాలు పైకే లేస్తాయి. 2009-10లో 30 వేలు, మరుసటి ఏడాది 70 వేలు, 2011-12లో 74 వేల 500. అక్కడితో ఆపేసి కాగితం మడిచేస్తే ఇది విజయగాథే. నాలుగో స్తంభం 54 వేల దగ్గర కుంగింది. ఐదోది ఏకంగా 21 వేలకు కూలింది.

ఎంత ఆర్భాటంగా పుట్టిందా బండి! 2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో రతన్ టాటా దాన్ని వేదిక మీదికి తెచ్చినప్పుడు దేశదేశాల విలేఖరులు ఎగబడ్డారు. వానలో ఒకే స్కూటర్ మీద వెళ్తున్న కుటుంబాన్ని చూశాక వచ్చిన ఆలోచన అని ఆయనే చెప్పుకున్నారు. ధర లక్ష రూపాయలన్నారు. ఈలోగా ఉక్కు ధర పెరిగినా ఆ మాట తప్పలేదు. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో ఫ్యాక్టరీ కడుతుంటే తమ భూముల కోసం రైతులు ఎదురుతిరిగారు. 2008 అక్టోబరులో ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సాణంద్‌కు తరలింది. అయినా జనం వెనక్కి తగ్గలేదు. 2009 ఏప్రిల్‌లో రెండు వారాల్లో 2 లక్షల 3 వేల బుకింగులొచ్చాయి. ముందు ఎవరికివ్వాలో తేల్చడానికి లాటరీ తీయాల్సి వచ్చింది.

పతనం ఎప్పుడు మొదలైందని అడిగితే ఏడాది లెక్కల బార్ చార్ట్ 2012-13 వైపు చూపిస్తుంది. అది నిజం కాదు. అవే అంకెలను నెలలుగా విడదీసి లైన్ గ్రాఫ్ గీయండి. 2010 జులైలో 9 వేల దగ్గరున్న గీత నవంబరుకల్లా 509 దగ్గర పడి ఉంటుంది. దేశమంతా కలిపి నెలకు 509 కార్లు! ఆ ఏడాదే కొన్ని నానోలు రోడ్డు మీద మంటల్లో చిక్కుకున్నాయి, ఆ ఫొటోలు ఊరూరా తిరిగాయి. వారంటీ నాలుగేళ్లకు పెంచి, అప్పు ఇప్పించే ఏర్పాట్లు చేశాక డిసెంబరులో గీత మళ్లీ లేచింది. మార్చి నెలాఖరుకు లెక్క కట్టేసరికి ఆ గుంత 70 వేల స్తంభంలో పూడిపోయింది, పైకి కనబడనే లేదు.

ఇంకో చిక్కుంది. మన దేశంలో కార్ల కంపెనీలు నెలనెలా ప్రకటించే అమ్మకాలంటే చాలావరకు డీలర్లకు పంపిన బండ్ల లెక్క. షోరూమ్ వెనక ఎండలో నిలబడ్డ కారు కూడా ఆ గ్రాఫులో అమ్ముడుపోయినట్టే. ఇక మొత్తం అమ్మకాలను కలుపుకుంటూ పోయే గీత గురించి చెప్పనే అక్కర్లేదు, దానికి దిగడమే రాదు. మీటింగుల్లో అలాంటి గీత తెర మీద పడితే నాకు అనుమానమే.

నానో స్తంభాల పక్కనే మారుతి ఆల్టోకూ ఒక స్తంభం గీస్తే గుండె కలుక్కుమంటుంది. 2010-11లో ఆల్టో ఒక్కటే 3 లక్షలు దాటింది. దాని ధర ఎక్కువ. లక్షకే కారొస్తుంటే జనం ఇంకా డబ్బు పోసి అది ఎందుకు కొన్నారో ఏ స్తంభమూ చెప్పదు. నానో దగ్గరికెళ్లి చూస్తే కొంత తెలుస్తుంది. చక్రానికి మూడే నట్లు. అద్దానికి ఒకే వైపర్. చవక మోడల్‌కు ఏసీ లేదు. వెనక డిక్కీ బయటినుంచి తెరుచుకోదు, సామాను పెట్టాలంటే లోపల సీటు మడవాలి. ఇంజనీర్లు పైసా పైసా కూడబెట్టిన తెలివి అదంతా, నాకైతే ఇప్పటికీ ముచ్చటే. కానీ మనవాళ్లు కారు కొనేది వానకు తడవకుండా ఉండటానికే కాదు, అత్తారింటి ముందు ఆపడానికి కూడా. ‘అన్నిటికన్నా చవక కారు’ అని దేశమంతా పేరు పడ్డ బండిని ఎవరి గుమ్మం ముందు ఆపుతారు? ఆ ముద్ర పడనివ్వడం పొరపాటేనని రతన్ టాటా తర్వాత ఒప్పుకున్నారు.

2014-15లో 17 వేలకు జారిన స్తంభం మరుసటి ఏడాది 21 వేలకు లేచింది. డిక్కీ తెరుచుకునేలా చేశారు, క్లచ్ తొక్కక్కర్లేని గేర్లతో జెన్‌ఎక్స్ అనే మోడల్ తెచ్చారు. మొదట్లోనే చేయాల్సిన పని ఆరేళ్లు ఆలస్యంగా చేశారు. ఆ చిన్న మిట్టను చూసి కంపెనీలో ఎవరైనా ఆశపడి ఉంటే తప్పు పట్టలేం. తర్వాతి స్తంభం 7 వేల 600. ఆ తర్వాతిది 2 వేలు కూడా లేదు.

2018 జూన్‌లో ఒక్క నానో తయారైంది, మూడు అమ్ముడుపోయాయి. 80 వేల దాకా కొలత పెట్టుకున్న గ్రాఫులో ఆ మూడూ గీతమందం కూడా ఉండవు. ఆ నెల కోసం కొలత మార్చి వేరే గ్రాఫు గీయాలి.

తొమ్మిదేళ్ల స్తంభాలనూ ఒకదాని మీద ఒకటి నిలబెడితే మొత్తం 3 లక్షలకు కాస్త తక్కువ తేలుతుంది. సాణంద్ ఫ్యాక్టరీని ఏడాదికి రెండున్నర లక్షల నానోలు తీసేలా కట్టారు.