రెండు రెక్కల బేరం

పాత పట్టుచీర అమ్మిన అనుభవం మనలో చాలామందికి ఉండే ఉంటుంది. "పాత జరీ కొంటాం" అని వీధిలో కేక వేస్తూ వస్తాడే, ఆ మనిషికి మన చీర ఎవరి పెళ్ళికి కొన్నదో, కట్టుకుంటే ఎవరెవరు మెచ్చుకున్నారో అక్కర్లేదు. కొంగు తిరగేసి, జరీ గోటితో గీకి చూసి, వెండి ఎంతో లెక్క కట్టి డబ్బు చేతిలో పెడతాడు. పాత విమానం అమ్మకం దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ సరుకులో సారం ఏమీ మిగలకపోయినా కథకి ధర పలుకుతుంది.

"అమ్ముకోవడానికి మనింట్లో విమానం ఎక్కడుందమ్మా?" అని నవ్వకండి. ఉన్నవాళ్ళున్నారు. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఇలాంటి అమ్మకాల ప్రకటనలు ఇప్పటికీ పడుతూనే ఉంటాయి. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలుండే పాతకాలపు విమానం, అదే బైప్లేను, అమ్మకానికి ఉందంటారు. ఆ పక్కనే "పూర్తిగా బాగుచేయించుకోవాలి" అని చిన్న ముక్క. తిరకాసంతా ఆ చిన్న ముక్కలోనే ఉంది.

అసలు ఆ విమానాలు దేనితో చేసేవారో తెలిస్తే మనకి అది పరాయి వస్తువనిపించదు. కర్ర, బట్ట, తీగ, జిగురు. 1903లో రైటు సోదరులు ఎగరేసిన మొదటి విమానం బైప్లేనే. దాని రెక్కలకి తొడిగింది దుకాణంలో గజాల లెక్కన దొరికే మామూలు నూలు మస్లిన్ గుడ్డ. ఆడవాళ్ళ లోపావడాలకీ వాటికీ వాడే రకం. అన్నదమ్ములిద్దరూ కుట్టుమిషను ముందు కూచుని రెక్కల గలీబులు తామే కుట్టుకున్నారు. మగవాళ్ళు మిషను కుట్టి చరిత్రకెక్కారంటే ఇదొక్కందుకే కాబోలు!

రెండు జతల రెక్కలు ఎందుకయ్యా అంటే, అప్పటి ఇంజన్లకి బలం తక్కువ. విమానం లేవాలంటే రెక్కలు విశాలంగా ఉండాలి. పలచని కర్రతో ఒకే పొడుగాటి రెక్క చేస్తే అది జారిపోయిన దండెంలా వేలాడుతుంది. అదే రెండు పొట్టి రెక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యన నిలువు కర్రలు నిలబెట్టి, మూల నుంచి మూలకి తీగలు బిగిస్తే వంతెనలాగ గట్టిగా నిలబడుతుంది. ఆ ఏర్పాటు వంతెనల నుంచి తెచ్చిందే. రైటు సోదరుల కన్నా ముందే, 1896లో ఆక్టేవ్ షానూట్ అనే పెద్దాయన తన గ్లైడరులో వాడి చూపించాడు. నులక మంచం సంగతి మనకి తెలుసు కదా. ఒక మూల వదులైతే మంచమంతా గుంట పడుతుంది. బైప్లేనూ అంతే. తీగల బిగువు సరిచూడడమే ఒక పెద్ద విద్య.

ఇక జిగురు. చాలా విమానాల్లో కర్రముక్కల్ని అతికించింది పాల విరుగుడులోంచి తీసిన కేసీన్ జిగురుతో. పాలతో చేసింది కనక దానికి పాల గుణమే. చెమ్మ తగిలితే బూజు పడుతుంది, పట్టు వదిలేస్తుంది. పైన బట్ట నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల అతుకు విడిపోయి ఉంటుంది. పైకి చూసి పోల్చడం ఎవరి తరమూ కాదు.

అందుకని "పూర్తిగా బాగుచేయడం" అంటే ముందు బట్టంతా ఒలిచేయాలి. పక్కటెముకల్లా ఉండే కర్రబద్దల్ని ఒక్కొక్కటీ పరీక్షించి, పుచ్చినవి తీసి కొత్తవి వేయాలి. తుప్పు పట్టిన తీగలు మార్చాలి. తరవాత కొత్త బట్ట తొడిగి, దబ్బనం లాంటి పొడుగు సూదితో, మైనం పట్టించిన దారంతో, రెక్క పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ గుచ్చి ప్రతి బద్దకీ కుట్టాలి. పరుపు కుట్టేవాణ్ణి చూశారుగా, సరిగ్గా అదే పని. ఆపైన డోపు అనే ద్రావకం పూతమీద పూత పూస్తారు. దాంతో బట్ట డప్పు చర్మంలా బిగుసుకుంటుంది.

ఈ డోపు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో మగవాళ్ళు యుద్ధానికి పోతే, విమానాల కార్ఖానాల్లో బట్ట కుట్టిందీ డోపు పూసిందీ ఎక్కువగా ఆడపిల్లలే. కొన్ని రకాల డోపులో కలిపిన ఒక ద్రావకం ఆవిరి పీల్చి ఎందరో కామెర్ల పాలయ్యారు, కొందరు చనిపోయారు కూడా. ఆ తరవాతే దాన్ని వాడడం మానిపించారు. బైప్లేను రెక్కలమీద వీరుల కథలు బోలెడు రాశారుగానీ, ఆ రెక్కలకి పూత పూసిన పిల్లల పేర్లు ఎక్కడా కనపడవు.

అదలా ఉంచి బేరాల సంగతికొద్దాం. అన్నిటికన్నా విచిత్రమైన అమ్మకం రైటు సోదరుల మొదటి విమానానిదే. 1903 డిసెంబరు 17న అది నాలుగుసార్లు ఎగిరింది. ఆఖరిసారి 59 సెకన్లు. కాసేపటికి గాలి విసురుకి బోర్లా పడి విరిగింది, మళ్ళీ ఎగరనే లేదు. పెట్టెల్లో పెట్టి ఊళ్ళో షెడ్డులో పడేశారు. 1913లో డేటన్‌కి వరదొచ్చి ఆ పెట్టెలు నీళ్ళలో, బురదలో మునిగాయి. తరవాత ఆర్విల్ రైటు దాన్ని బాగుచేశాడు. 1927లో బట్టంతా తీసేసి కొత్తది వేశారు. మొదటి విమానం ఎవరిదన్న విషయంలో స్మిత్‌సోనియన్ సంస్థతో పేచీ వచ్చి, 1928లో ఆయన దాన్ని లండన్ మ్యూజియానికి పంపేశాడు. పుట్టింటి మీద అలిగి అత్తారింట్లో కూచున్న కూతురిలా ఇరవయ్యేళ్ళు అక్కడే ఉంది. ఆయన పోయాక, 1948లో, వారసులు దాన్ని అదే స్మిత్‌సోనియన్‌కి అమ్మారు. ఎంతకో తెలుసా? ఒక్క డాలరుకి! షరతు మాత్రం గట్టిదే పెట్టారు. దీనికన్నా ముందు ఇంకేదో విమానం మనిషిని ఎక్కించుకుని ఎగరగలిగిందని ఆ సంస్థ ఎప్పుడైనా అంటే, విమానం వెనక్కి ఇచ్చేయాలి. ఇదే అన్నదమ్ములు 1909లో అమెరికా సైన్యానికి కొత్త బైప్లేను అమ్మినప్పుడు పుచ్చుకున్నది 30,000 డాలర్లు. డబ్బు కావాలన్నప్పుడు డబ్బు, మాట కావాలన్నప్పుడు మాట రాయించుకున్నారు. ఆ ఇంటివాళ్ళకి బేరం తెలుసు.

యుద్ధం 1918లో ముగిసేసరికి అమెరికాలో జెన్నీ అనే శిక్షణ విమానాలు గుట్టలుగా మిగిలిపోయాయి. ఆరువేలకి పైగా తయారుచేశారు మరి. కొత్తగా ఉన్నప్పుడు అయిదువేల డాలర్ల పైచిలుకు పడ్డవి, వందల్లోకి దిగాయి. 1923లో ఛార్లెస్ లిండ్‌బర్గ్ అనే కుర్రాడు జార్జియా రాష్ట్రంలో 500 డాలర్లిచ్చి ఒకటి కొన్నాడు. తమాషా ఏమిటంటే, అప్పటికి ఒంటరిగా విమానం నడపనే లేదతను! ఆ సంవత్సరమే అయోవాలో, తన దగ్గర నేర్చుకుంటున్న శిష్యుడికే దాన్ని అమ్మేశాడు. నాలుగేళ్ళకి అట్లాంటిక్ దాటి పారిస్‌లో దిగి లోకమంతా మోగిపోయాడు.

అదే 1923లో, అదే రకం పాత జెన్నీ కొన్న మరో మనిషి బెస్సీ కోల్మన్. టెక్సస్‌లో పుట్టిన నల్లజాతి పిల్ల. షికాగోలో మంగలి దుకాణంలో కస్టమర్ల గోళ్ళు తీర్చే పని చేసేది. విమానం నేర్పమంటే అమెరికాలో ఏ బడీ చేర్చుకోలేదు. నల్లపిల్ల, అందులోనూ ఆడది. పట్టు వదలకుండా ఫ్రెంచి భాష నేర్చుకుని, 1920లో ఫ్రాన్సు వెళ్ళి, 1921 జూన్‌లో లైసెన్సు చేతపట్టుకుని వచ్చింది. తిరిగొచ్చి కాలిఫోర్నియాలో పాత జెన్నీ కొంటే, అది ఎక్కువ రోజులు దక్కలేదు. గాలిలోకి లేవగానే ఇంజను ఆగి కూలింది. కాలు విరిగింది, పక్కటెముకలు విరిగాయి. అయినా ఆమె విమానం మాట వదిలిపెట్టలేదు. నల్లవాళ్ళకి ఎగరడం నేర్పే బడి పెట్టాలని ఆమె కల. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి, ప్రదర్శనలు చేసి డబ్బు కూడబెట్టింది. 1926లో డల్లాస్‌లో ఇంకో పాత జెన్నీ బేరం చేసి, వాయిదాల మీద డబ్బు కట్టి సొంతం చేసుకుంది. మెకానిక్ విలియం విల్స్ దాన్ని ఫ్లారిడాలోని జాక్సన్‌విల్‌కి తెస్తుంటే, దారిలో ఇంజను మొరాయించి మధ్యమధ్య పొలాల్లో దింపాల్సొచ్చింది. చూసినవాళ్ళు ఇది ఎక్కొద్దన్నారు. ఏప్రిల్ 30న, మర్నాటి ప్రదర్శనకి చోటు చూసుకోవడానికి ఇద్దరూ బయల్దేరారు. నడుపుతున్నది విల్స్. కిందికి వంగి చూడాలని బెస్సీ నడుముకి పట్టీ పెట్టుకోలేదు. విమానం ఒక్కసారిగా ముక్కు కిందికి పెట్టి దూకింది, తిరగబడింది. ఆమె గాల్లోంచి పడిపోయింది. విల్స్ విమానంతోపాటు కూలి చనిపోయాడు. తరవాత శిథిలాల్లో చూస్తే ఒక రెంచి జారి నియంత్రణ యంత్రంలో ఇరుక్కుని ఉంది. ఆమెకి 34 ఏళ్ళు.

రెంచి ఎలా జారిందన్నది వేరే విషయం. నాకు మాత్రం ఆ అమ్మకమే కళ్ళముందు మెదులుతుంది. కొత్తది కొనే స్తోమతు లేక, వాయిదాలు కట్టి, నలుగురూ వద్దన్నదాన్నే ఎక్కాల్సిరావడం! పాత వస్తువుల్లో బతుకు వెళ్ళదీసిన ఇల్లాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎమీ జాన్సన్ అదృష్టం వేరు. ఇంగ్లండు పిల్ల. 1930లో ఆమె కొన్న జిప్సీ మాత్ కూడా ఒకరు వాడిన బైప్లేనే, ఖరీదు 600 పౌన్లు. తండ్రి కొంత, వేక్‌ఫీల్డ్ ప్రభువు కొంత ఇచ్చారు. తండ్రి చేపల వ్యాపారంలో వాడే 'జేసన్' అన్న పేరే దానికీ పెట్టింది. అంతకుముందే ఆమె విమానాల మెకానిక్ లైసెన్సు సంపాదించింది గనక, కొంటున్న వస్తువు లోగుట్టు ఆమెకి తెలుసు. మే 5న లండన్ నుంచి ఒంటరిగా బయల్దేరి, కరాచీ, ఝాన్సీ, కలకత్తాల మీదుగా 24న ఆస్ట్రేలియాలోని డార్విన్ చేరింది. ఝాన్సీలో పెట్రోలు అయిపోవస్తే పటాలం కవాతు మైదానంలో దించేసింది! రంగూన్ దగ్గర ఆటస్థలంలో దిగబోయి గుంటలో పడితే రెక్క చిరిగింది. యుద్ధంలో మిగిలిపోయిన విమానాల బట్టతో అక్కడి మగవాళ్ళు చొక్కాలు కుట్టించుకున్నారట. ఆ చొక్కాలే విప్పి మళ్ళీ రెక్కకి అతుకు వేశారని చెప్తారు. చొక్కా రెక్కయిన వైభోగం ఇంకెక్కడైనా ఉందా!

మన ఉపఖండంలో సరళా ఠక్రాల్ 1936లో లాహోర్‌లో చీర కట్టుకునే జిప్సీ మాత్ ఎక్కి ఒంటరిగా నడిపింది. అప్పటికి ఆమెకి 21 ఏళ్ళు, ఇంట్లో నాలుగేళ్ళ కూతురు. తరవాతి జీవితంలో ఆమె చీరలకి అద్దకాలూ నగలకి నమూనాలూ చేసింది. ఆ మాత్ జాతిదే టైగర్ మాత్. మన వైమానిక దళంవాళ్ళు ఎందరో దాని మీదే ఓనమాలు దిద్దుకున్నారు. పాతబడ్డాక పక్కన పెట్టేశారు. మళ్ళీ ఒకదాన్ని ఇంగ్లండులో బాగుచేయించి, 2012లో వైమానిక దళ దినోత్సవంలో ముచ్చటగా ఎగరేశారు.

ఇంతకీ ఇప్పటి బేరాల్లో అమ్మేదేమిటి? బట్ట కొత్తది వేయాలి, కర్రలో సగం కొత్తది వేయాలి. మిగిలేవి కాసిని ఇనుప భాగాలు, నంబరు చెక్కిన చిన్న రేకు, ఎగిరిన గంటలు రాసిన పుస్తకాలు. అయినా అది ఆ విమానమే అంటారు, మనం ఒప్పుకుంటాం. అమ్మమ్మ కాసులపేరు చెరిపించి నెక్లెసు చేయించుకుని కూడా "ఇది మా అమ్మమ్మది" అని చెప్పుకోమూ? నా మటుక్కు నేనైతే పైన కొత్త పూత పూసి అమ్మేవాడికన్నా, బట్ట చించి "లోపల ఇదీ సంగతి" అని పుచ్చు చూపించేవాడి దగ్గరే కొంటాను. కొనేదే ఉంటే సుమా!

లిండ్‌బర్గ్ అమ్మేసిన జెన్నీ దాదాపు యాభయ్యేళ్ళు అయోవాలో ఒక రైతు కొట్టంలో విడిభాగాలుగా పడి ఉండి, 1970ల మొదట్లో బయటపడింది. దాన్ని ఓపిగ్గా బాగుచేసి న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని మ్యూజియంలో పెట్టారు. 1927లో అతను పారిస్‌కి లేచిన మైదానం ఉండేది ఆ పక్కనే. బెస్సీ జెన్నీ జాక్సన్‌విల్ నేలమీదే కాలిపోయింది. కూలినచోట ఎవరో అగ్గిపుల్ల గీస్తే, కారిన పెట్రోలు అంటుకుంది.