కార్మికుని తలపై టోపీ, ఎవరి తలపై బాధ్యత?

బొగ్గు గనిని చూడడానికి మంత్రులు వచ్చినప్పుడు పత్రికల్లో ఒకే రకం ఛాయాచిత్రం కనిపిస్తుంది. తలపై మెరిసే కొత్త హెల్మెట్, కాళ్లకు కొత్త బూట్లు, నుదుట దీపం. చుట్టూ అధికారులు. భద్రతకు ప్రభుత్వం ఇచ్చే ప్రాధాన్యానికి ఆ బొమ్మనే సాక్ష్యంగా చూపుతారు. కానీ ఆ పరికరాలు కార్మికుని ఒంటి మీదికి ఏ దారిన వచ్చాయో, అవి ఏ ప్రమాదాన్ని ఆపగలవో, దేనిని ఆపలేవో ఆ బొమ్మ చెప్పదు. అందుకు చరిత్రను చూడాలి.

1812లో ఉత్తర ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో పేలుడు సంభవించి 92 మంది చనిపోయారు. గనిలో పేరుకున్న మీథేన్ వాయువుకు కార్మికుని చేతిలోని దీపమే నిప్పు అంటించగల కాలమది. 1815లో హంఫ్రీ డేవీ సన్నని లోహపు వల చుట్టిన దీపాన్ని రూపొందించాడు. జ్వాల వేడిని ఆ వల గ్రహించి, బయటి వాయువు అంటుకోకుండా చూస్తుంది. గొప్ప ఆవిష్కరణే. అయితే తరువాత జరిగింది వేరు. వాయువు ఎక్కువని అంతవరకు వదిలేసిన పొరల్లోకి, మరింత లోతుకు యజమానులు కార్మికులను దింపారు. పేలుళ్లు ఆగలేదు. ప్రాణం కాపాడేందుకు వచ్చిన సాధనం మరింత ప్రమాదకరమైన చోట పని చేయించడానికి అనుమతిపత్రంగా మారింది. గని భద్రత చరిత్రలో ఇది మొదటి పాఠం. తరువాతి రెండు శతాబ్దాల్లో దీనిని మళ్లీ మళ్లీ చదవవలసి వచ్చింది.

మన దేశంలో బొగ్గు తవ్వకం 1774లో రాణిగంజ్ ప్రాంతంలో మొదలైంది. మొదటి గనుల చట్టం వచ్చింది 1901లో. నడుమ గడిచింది నూటపాతికేళ్లకు పైబడిన కాలం. వలస పాలనలోని గనుల్లో కుటుంబాలు కుటుంబాలుగా దిగేవారు. భర్త బొగ్గు కొడితే భార్య తట్టలకెత్తేది. స్త్రీలను భూగర్భ పనినుంచి దశలవారీగా తప్పించేందుకు 1929లో నిబంధనలు చేశారు. యుద్ధానికి బొగ్గు అవసరమయ్యేసరికి 1943లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. 1946లో తిరిగి పెట్టారు. గనిలో ప్రమాదం ఈ మూడేళ్లలో తగ్గిందీ లేదు, పెరిగిందీ లేదు. మారినది బొగ్గు అవసరం మాత్రమే. రక్షణ నిబంధన ఉత్పత్తి లక్ష్యానికి ఎంత సులువుగా తలవంచుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

స్వాతంత్ర్యం తరువాత 1952లో కొత్త గనుల చట్టం, 1957లో బొగ్గు గనుల నియమావళి వచ్చాయి. రక్షణ బూట్లు, హెల్మెట్ లేనిదే గనిలోకి దిగరాదన్న నియమం వాటితో స్థిరపడింది. వాటిని యాజమాన్యం ఉచితంగా ఇవ్వాలన్నది అంతకంటే ముఖ్యమైన నియమం. ఈ ‘ఉచితంగా’ అన్న మాటను తక్కువగా చూడరాదు. బూట్లు కార్మికుని సొంత ఖర్చు కాదనీ, గని నడపడానికయ్యే ఖర్చులో భాగమనీ చట్టం అంగీకరించిన మాట అది. ఇచ్చిన పరికరాన్ని వాడటం కార్మికుని విధి అని కూడా నియమావళి చెప్పింది. న్యాయమే. కానీ ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఈ రెండో వాక్యమే ముందుగా గుర్తుకు రావడం మనం చూస్తున్నాం.

ఇప్పుడు మృతుల లెక్కకు వద్దాం. 1958లో చినాకురిలో పేలుడుకు సుమారు 175 మంది బలయ్యారు. 1965లో ధోరీలో బొగ్గుధూళి పేలి 268 మంది చనిపోయారు. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ సమీపంలోని చస్నాలా గనిలోకి, పక్కనున్న పాత తవ్వకాల్లో నిలిచిన నీరు ఒక్కసారిగా విరుచుకుపడింది. 370 మందికి పైగా జలసమాధి అయ్యారు. అప్పటికి బొగ్గు పరిశ్రమ జాతీయీకరణ పూర్తయింది. చస్నాలాను నడుపుతున్న ఉక్కు కంపెనీ కూడా కేంద్రం నిర్వహణలోనే ఉంది. కాబట్టి ప్రైవేటు యజమాని లాభాపేక్ష అన్న పాత సమాధానం అక్కడ చెల్లలేదు.

ఆ నీటి ముందు ఏ హెల్మెట్, ఏ బూటు నిలుస్తుంది? అక్కడ ప్రాణం కాపాడగలిగేవి రెండే: పాత తవ్వకాల సరైన పటం, వాటికీ కొత్త పనికీ మధ్య వదలవలసిన బొగ్గు గోడ మందం. అవి కార్మికుని చేతిలో ఉండవు. 1995లో గజ్లీటాండ్‌లో 64 మంది, 2001లో బాగ్‌డిగిలో 29 మంది నీటికే బలయ్యారు. 2003 జూన్‌లో మన గోదావరిఖని ఏడో ఎల్.ఇ.పి. గనిలోనూ అదే జరిగి 17 మంది సింగరేణి కార్మికులు మరణించారు.

పరికరం నిజంగా ప్రాణం నిలిపే సందర్భాలూ ఉన్నాయి. 1994 జనవరి 25న న్యూ కెందా గనిలో మంటలు రేగి 55 మంది చనిపోయారు. అటువంటి అగ్నిప్రమాదాల్లో మంటకంటే ముందు చంపేది కార్బన్ మోనాక్సైడ్. దానికోసమే నడుముకు కట్టుకునే ‘సెల్ఫ్ రెస్క్యూయర్’ ఉంది. వడపోత రకం పరికరం విషవాయువును తక్కువ హానికరమైన వాయువుగా మారుస్తుంది. గాలిలో ఆమ్లజనే చాలనప్పుడు అది పనికిరాదు. అక్కడ రసాయనం ద్వారా ఆమ్లజనిని పుట్టించే రకం కావాలి. రెండూ ఇచ్చేది కొద్దిసేపే. ఆ వ్యవధిలో చేరగలిగేంత దూరంలో బయటి దారి ఉండాలి. చీకట్లో, పొగలో దానిని పెట్టుకోవడం చేతులకు అలవాటై ఉండాలి. ఈ రెండూ లేకపోతే అది నడుముకు వేలాడే బరువు మాత్రమే.

ధూళి సంగతీ అంతే. ఊపిరితిత్తులను మెల్లగా తినే న్యూమోకోనియోసిస్‌ను 1952లోనే ప్రకటిత వ్యాధుల్లో చేర్చారు. ఉక్కపోసే సొరంగంలో ఎనిమిది గంటలు ముఖానికి మాస్కు కట్టుకుని పనిచేయమనడం తేలిక. తవ్వే చోటనే నీళ్లు చల్లి ధూళిని అణచడానికీ, గాలి ఆడేలా చూడడానికీ డబ్బు ఖర్చవుతుంది.

ఇదంతా చట్టం చూపు పడే గనుల కథ. 2018 డిసెంబర్‌లో మేఘాలయలోని క్సాన్ వద్ద ఎలుకబొరియ గనిలో 15 మంది చిక్కుకుపోయారు. హరిత ట్రిబ్యునల్ అటువంటి తవ్వకాలను నిషేధించి అప్పటికి నాలుగేళ్లు. నీటితో నిండిన ఆ బొరియలో దిగినవారి పేర్లు రాసుకున్న పుస్తకమే లేనప్పుడు, హెల్మెట్ ఎవరికిచ్చారని ఎవరినడుగుతాం? అధికారిక గనుల్లోనూ నేడు కాంట్రాక్టు కార్మికుల వాటా పెద్దది. గని ఒకరిది, కాంట్రాక్టు మరొకరిది, కూలి ఇంకొకరి చేతిది. ‘ఉచితంగా యాజమాన్యమే ఇవ్వాలి’ అన్న వాక్యంలో యాజమాన్యం ఎవరన్నదే తేలని స్థితి ఇది.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్, భద్రతా ఏర్పాట్లకు కార్మికుని వద్ద రుసుము తీసుకోరాదని చెప్పింది. మంచిదే. కానీ కోడ్‌పై జరిగే చర్చ పరికరాల జాబితాతో ముగిసిపోకూడదు. గని కుంగకుండా, నీరు చొరబడకుండా, విషవాయువు పేరుకోకుండా చూడటం మొదటి కర్తవ్యం. హెల్మెట్, బూట్లు, మాస్కు ఆ కర్తవ్యం ఎక్కడైనా తప్పినప్పుడు చివరగా అడ్డుపడేవి. ఈ వరుసను తలకిందులు చేసినప్పుడల్లా విచారణ ‘మృతుడు హెల్మెట్ పెట్టుకున్నాడా?’ అన్న ప్రశ్నతో మొదలవుతుంది. మొదట అడగవలసినది, ఆ రోజు ఆ చోట పని చేయమని ఆదేశించినది ఎవరని.