నీటికాసులు - వెలుగు చికిత్స - నొప్పి



కంటిలో నలుసు పడిననే మనము ఓర్వజాలము. అట్టి కంటిని మరియొకరు శస్త్రముతో తాకుదురనిన గుండె జల్లుమనుట సహజము. ఈ భయము చేతనే చికిత్స మాని చూపు పోగొట్టుకొన్నవారు ప్రతి గ్రామమునను కలరు. ఆ నొప్పిని వైద్యులు క్రమక్రమముగా ఎట్లు లొంగదీసిరో ఆ చరిత్రను నేడు మీకు విన్నవింతును. మన పల్లెలలో నీటికాసులనియు, వైద్యశాలలలో గ్లాకోమా యనియు పిలువబడు వ్యాధియే ఇందులకు తగిన ఉదాహరణము.

కంటి లోపల స్వచ్ఛమైన ద్రవమొకటి ఎల్లప్పుడును ఊరుచుండును. నల్లగుడ్డు అంచున జల్లెడవంటి సన్నని మార్గము కలదు. ఆ ద్రవము అందుండి వెలికి పోవును. చెరువునకు వచ్చు నీరు తూము గుండ పోవుచున్నంత కాలము కట్టకు భయము లేదు. తూము పూడినచో కట్టపై ఒత్తిడి హెచ్చును. కంటిలోనైనను అంతే. ఆ ఒత్తిడికి చూపునరము నశించును. నశించిన నరము మరల చిగుర్పదు. తూము మెల్లగా పూడినచో నొప్పియే యుండదు; చూపు అంచులనుండి దొంగవలె జారిపోవును. తటాలున మూసికొనినచో కన్ను ఎఱ్ఱబారి, తల పగులునట్లు నొప్పియు, వాంతులును కలుగును. దీపము చుట్టు రంగుల వలయములు కనబడును. సుశ్రుతసంహితలో అధిమంథమను నేత్రరోగము వర్ణింపబడినది. కంటిని కవ్వముతో చిలికినట్లును, సగము తల బాధించునట్లును అందు చెప్పబడుటచే, అది ఇట్టి వ్యాధియే కావచ్చునని కొందరి అభిప్రాయము.

1857లో బెర్లిను నగర వైద్యుడగు గ్రేఫె, కనుపాప చుట్టునున్న రంగుతెరలో చిన్న ముక్కను కోసి తీసినచో ఈ హఠాత్తు వ్యాధి శమించునని ప్రకటించెను. అంతవరకు గ్రుడ్డితనమే గతియైన రోగులకు అది పునర్జన్మమే. కాని నొప్పి మాట యేమి? క్లోరోఫారము అప్పటికే యున్నను, దానివలన కలుగు వాంతులు, దగ్గు కోసిన కంటికి ప్రమాదకరములు. అందుచే పెక్కుమార్లు రోగిని గట్టిగా పట్టుకొని, మెలకువలోనే శస్త్రము చేయవలసివచ్చెడిది. 1876లో లాకెర్ అను వైద్యుడు ఒక ఆఫ్రికా గింజనుండి తీసిన చుక్కలమందును ఈ వ్యాధికి వాడెను. ఆయనయే ఈ వ్యాధిచే బాధపడినవాడగుట విశేషము.

నొప్పిని జయించిన ఘనత వియన్నాలోని కార్ల్ కొల్లర్ అను యువవైద్యునికి దక్కినది. కోకా యాకునుండి తీసిన కొకేను నాలుకను మొద్దుబార్చునని అప్పటికే పలువురెరుగుదురు. నాలుకను మొద్దుబార్చునది కంటిని ఏల మొద్దుబార్పదని ఆలోచించినవాడు కొల్లరు. 1884లో ఆయన దానిని నీట కరగించి మొదట కప్ప కంటను, పిదప కుందేలు, కుక్కల కన్నులందును వేసి చూచెను. తాకినను అవి రెప్ప వాల్పలేదు. తుదకు తన కంటను, సహచరుని కంటను వేసికొని, గుండుసూది తలతో నల్లగుడ్డును నొక్కి చూచెను, నొప్పి లేదు! ఆ సెప్టెంబరు 15వ తేదీని హైడల్‌బర్గులో నేత్రవైద్యుల సభ జరిగెను. అచ్చటికి పోవుటకు దారిబత్తెము లేనందున ఆయన వ్యాసమును బ్రెట్టవర్ అను మరియొక వైద్యుడు చదివెను. కొన్ని నెలలలోనే ఆ వార్త లోకమంతట ప్రాకినది. కొకేను నల్లగుడ్డును ఎండజేయును, వ్యసనమును కలిగించును. కావున తరువాతివారు నిరపాయమైన మందులను కనుగొనిరి. 1943లో స్వీడను దేశమున లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిడోకేను అట్టి వానిలో నొకటి.

ఇక శస్త్రమునకు బదులు వెలుగే వచ్చిన కథ వినుడు. 1945లో సూర్యగ్రహణమును కన్నులతో తిన్నగా చూచినవారి నేత్రములలో కాలిన మచ్చలు కనబడెను. వెలుగు కంటి లోపల కాల్చగలిగినచో, దానినే చికిత్సకు ఏల వాడరాదని మేయర్ ష్వికెరాత్ అను జర్మను వైద్యుడు తలచెను. 1949లో ఆయన సూర్యకాంతిని అద్దములతో కూర్చి కంటిలోనికి పంపెను. పిదప గొప్ప విద్యుద్దీపమును వాడెను. అయితే ఆ దీపకాంతి చాలసేపు కంటిపై నిలువవలసియుండుటచే, కనుగ్రుడ్డు వెనుక సూదిమందు తప్పనిసరి యయ్యెను.

1960లో అమెరికాలో మైమన్ లేసరు వెలుగును సృష్టించెను. మరుసటి యేడే అది న్యూయార్కులో రోగి కంటికి వాడబడెను. 1979లో వైజ్, విటర్ అనువారు ఆర్గాను లేసరును ఆ జల్లెడ మార్గముపై ప్రయోగించి ఒత్తిడి తగ్గించిరి. ఒక్కొక్క దెబ్బ సెకనులో పదవ వంతు. 1980 ప్రాంతమున యాగ్ లేసరు వచ్చి, రంగుతెరలో రంధ్రము చేయుట సులభమయ్యెను. 1995లో లటీనా వర్ణించిన క్రొత్త పద్ధతిలో దెబ్బ కాలము సెకనును నూరుకోట్ల భాగములు చేసినచో అందు మూడు భాగములు మాత్రమే. దీని మర్మము మీకు తెలిసినదే. కర్పూర హారతిలో వ్రేలు నిలిపి యుంచిన కాలును. చటుక్కున దాటించిన కాలదు. వేడి ప్రక్కకు వ్యాపించులోపలనే పని ముగియుటచే నొప్పి తగ్గినది. మందు ఒకవైపునను, వెలుగు వేగము మరొకవైపునను నొప్పిని అణచినవి.

నేడు ఈ చికిత్స కూర్చుండి చేయించుకొనునదే. చుక్కలు వేసి కంటిని మొద్దుబార్చి, నల్లగుడ్డుపై చిన్న అద్దమును ఆనించి, దానిగుండ వెలుగును పంపుదురు. చురుక్కుమనిపించవచ్చును. మనవంటి ముదురు రంగు కన్నులలో తెర దళసరి గనుక, రంధ్రము చేయునపుడు దెబ్బలు కొంచెము ఎక్కువ కావచ్చును. ద్రవము ఊరుచోటునే కాల్చు మరియొక పద్ధతి కలదు. అది నొప్పి గలది గనుక ముందుగా కంటి ప్రక్కన సూదిమందు ఇత్తురు. చికిత్స తరువాత ఒత్తిడి పెరుగకుండ చుక్కలు వేయుదురు. ఇంటికి వచ్చిన పిదప తీవ్రమైన నొప్పి గాని, చూపు మసక గాని కలిగినచో వెంటనే తిరిగి పోవలెను.

ఇచ్చట నా అనుభవము ఒక్కటి చెప్పక తప్పదు. భయముచే నేను ఈ చికిత్సను ఏడాది కాలము వాయిదా వేసితిని. తుదకు ఒక వైద్యశాలకు పోగా, చురుక్కుమనునని ఎవ్వరును ముందుగా చెప్పలేదు. మొదటి దెబ్బకే ఉలికిపడి తల వెనుకకు తీసితిని, పని ఆగిపోయినది. కొన్ని వారములకు రెండవ కంటికి మరియొక వైద్యురాలు, "తాతగారూ, ఇప్పుడొక గిచ్చు, ఓర్చుకొనుడు" అని ప్రతిమారు ముందుగా చెప్పెను. దెబ్బ అదే, మందు అదే, నేను కదలలేదు. మాట కూడ మందేయని నాడు తెలిసికొంటిని. కావున మీరు సంకోచింపక అడుగుడు: నొప్పి యెంత, ఎంతసేపు, ఓర్వలేనిచో ఎట్లు తెలుపవలెను?

1996 మొదలు 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున, హైదరాబాదునందును, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరము జిల్లాలందును నేత్రపరీక్షలు జరిగినవి. నీటికాసులున్నవారిలో మిక్కిలి మంది తమకు ఆ వ్యాధి గలదనియే ఎరుగరని అప్పుడు తేలినది. మన ఇండ్లలో ఎవరికైన ఈ వ్యాధి యున్నచో తక్కినవారును కన్ను చూపించుకొనవలెను. పోయిన చూపును లేసరు తిరిగి తేజాలదు, ఉన్నదానిని కాపాడగలదు.

నొప్పి లేదని వ్యాధి లేదనుకొనవలదు. నొప్పి కలుగునని చికిత్స మానవలదు. కొల్లరు తన కంటిపై సూది నుంచుకొనినది మనము నేడు భయపడకుండుటకే. సెలవు.