నౌకానామములు, వ్యోమనౌకానామములు

శబ్దశాస్త్రమున నామములు యౌగికములు, రూఢములు, యోగరూఢములు నని త్రివిధములు. అవయవార్థముచే వస్తువును దెలుపునది యౌగికము. అవయవార్థము నపేక్షింపక సంకేతముచేతనే తెలుపునది రూఢము. రెంటిని గలుపుకొన్నది యోగరూఢము. నీటిపై నోడలకును, నాకసమున వ్యోమనౌకలకును మనుజు లిడిన పేళ్లను బరిశీలించినచో నీ విభాగ మెంత యుపయుక్తమో తెలియఁగలదు.

భోజరాజకృతమని ప్రసిద్ధమైన యుక్తికల్పతరువున నౌకాప్రకరణము కలదు. అందు నౌకలు సామాన్యములు, విశేషములు నని రెండు తెఱఁగులు. సామాన్యములు క్షుద్ర, మధ్యమ, భీమ, చపల మొదలుగాఁ బది. విశేషములలో దీర్ఘ, ఉన్నత యని రెండు తెగలు. దీర్ఘజాతియందు తరణి, లోల, గామిని, ప్లావిని, వేగిని మున్నగునవియు, ఉన్నతజాతియందు స్వర్ణముఖి, గర్భిణి, మంథర మున్నగునవియుఁ గలవు. ఈ భేదమునకు మూలము పొడవు, వెడల్పు, ఎత్తుల కొలతలే. కావున నివి జాతివాచకములేకాని వ్యక్తివాచకములు కావు. వేగిని యన్నంతమాత్రమున ఫలానా యోడ యని తెలియదు.

వ్యక్తికిఁ బేరిడుట వేఱు. 1764లో ఇంగ్లండునందలి విట్బీరేవున బొగ్గు మోయుటకై యొక యోడ కట్టఁబడెను. దాని తొలిపేరు ఎర్ల్ ఆఫ్ పెంబ్రోక్. 1768లో ఆంగ్లనౌకాశాఖవారు దానిని గొని ఎండెవర్ అని పేరు మార్చిరి. ఆ పదమునకు ప్రయత్నమని యర్థము. ఆ యోడపై తహీతిద్వీపమునకుఁ బోయిన జేమ్స్ కుక్కు 1769 జూన్ 3వ తేదిని సూర్యబింబముపై శుక్రసంక్రమణమును బరిశీలించెను. పిదప నది లార్డ్ శాండ్విచ్ అను మూఁడవ పేరొంది, 1778లో అమెరికాతీరమున ముంపఁబడెను. ఓడ పోయినను ఎండెవర్ అను పేరు పోలేదు.

గగనయాత్రికులకుఁ బాశ్చాత్యులు పెట్టిన ఆస్ట్రోనాట్ అను పేరిట నుత్తరభాగము నావికార్థకమైన గ్రీకుపదము. అది సంస్కృతమందలి నౌశబ్దమునకు సగోత్రము. నక్షత్రనావికుఁ డని పేరిడినవారు నౌకానామములను గూడ నాకసమునకుఁ గొనిపోవుట సహజమే. 1971లో చంద్రునికడకుఁ బోయిన అపోలో-15 ప్రధానకోశమునకు ఎండెవర్ అనియే పేరు. అమెరికావారి కొలంబియా, ఛాలెంజర్, డిస్కవరీ, అట్లాంటిస్ అను వ్యోమనౌకల పేళ్లును బూర్వనౌకలవే. వానిలో ఛాలెంజర్ 1872 మొదలు 1876 వఱకు సముద్రపరిశోధనము చేసిన యోడ పేరు. 1986 జనవరి 28న ఆ పేరిటి వ్యోమనౌక యేడుగురితో నశింపఁగా, దానికి బదులుగాఁ గట్టిన నౌకకు బాలబాలికలు పాఠశాలలనుండి పంపిన పేళ్లలో ఎండెవర్ అనునది 1989లో నిర్ణయింపఁబడెను. 2020లో డ్రాగన్ కోశమున నేఁగిన యిరువురు తాము తొలుత నెక్కిన యా వ్యోమనౌకను దలఁచి తమ కోశమునకు నదే పేరిడిరి. ఒక దారునౌకకు మూఁడు పేళ్లు. ఇటఁ జెప్పిన మేరకే యొక పేరునకు నాలుగు నౌకలు. ప్రయత్నమను యోగార్థము వెనుకఁబడి స్మృతియే ముందునకు వచ్చినది. రూఢి యనఁగా నిదియే.

భారతదేశమున వ్యాకరణమునకుఁ దగిన వివాదము మఱికొంత కలదు. 1948 మార్చి 14న విశాఖపట్టణమున నెహ్రూగారు నీటికి విడిచిన యోడ పేరు జల ఉష. గుణసంధిచే జలోష కావలెను. 2008 అక్టోబరు 22న శ్రీహరికోటనుండి చంద్రునికడకుఁ బంపఁబడిన నౌక చంద్రయానము. సమాసము సంజ్ఞ యైనపుడు పూర్వపదమందలి రేఫముచే నుత్తరపదనకారమునకు ణత్వమును బాణిని విధించెను. శూర్పణఖ, రామాయణము అనునవి యిట్టివే. ఛాందోగ్యమున పితృయాణశబ్దమును ణకారముతోనే యున్నది. ఆ రీతిని చంద్రయాణమని కావలెఁ గదా యని శంక. తొలుతఁ బ్రతిపాదింపఁబడినదని చెప్పఁబడు సోమయానమే నిలిచియున్నచో, రేఫము లేమి నీ శంకకుఁ దావు లేకపోయెడిది. 2003లో ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రకటించిన పేరు చంద్రయానమే. సమాధాన మేమనఁగా, జలోష యనినచో ఉషస్సు వినఁబడదు; యాణ మనినచో సామాన్యునికి యానము స్ఫురింపదు. క్రొత్తపేరునకుఁ దొలుత నర్థస్ఫూర్తి కావలెను. రూఢి పిదప వచ్చును. కావున నిందు లోకప్రయోగము క్షంతవ్యము.

విక్రమ మన్నది యోగరూఢమునకుఁ జక్కని యుదాహరణము. అది పరాక్రమమును జెప్పును. భారతాంతరిక్షపరిశోధనమునకు మూలపురుషుఁ డైన విక్రమ్ సారాభాయిని గూడఁ దలఁపించును. 2019 సెప్టెంబరు 7న ఆ పేరిటి యవతరణనౌక చంద్రునిపై దిగఁబోవుచు నశించెను. వేఱు పేరు వెదకక, చంద్రయానము-3నకుఁ జెందిన నౌకకు నదే నామ మిడిరి. 2023 ఆగస్టు 23న అది చంద్రుని దక్షిణధ్రువప్రాంతమున సుఖముగా దిగెను. ప్రాణనష్టము జరిగిన ఛాలెంజర్ పేరును అమెరికావారు తమ తరువాతి వ్యోమనౌక కీయలేదు. ఒకచో నామమును విడుచుటయు, నొకచో మరల నిచ్చుటయు రెండును గౌరవములే. కొలతనుబట్టి పుట్టిన వేగిని, ప్లావిను లిపుడు గ్రంథమాత్రశేషములు. మానవప్రయత్నముతో ముడివడిన నామములు మాత్రము నౌకలు నశించినను నిలిచియున్నవి.