ఆసుపత్రి మంచం పక్క దుఃఖం - చిత్రణ

చావు దగ్గరపడిన ఆత్మీయుల పక్కన ఉండేవారి శోకాన్ని, జరుగుతున్నదాన్ని ఒప్పుకోని మనసును కథలో, తెరపై చూపడం. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో వెలువరించిన పుస్తకంలో, చావు తప్పదని తెలిసినవారి మనసు నడిచే 5 దశల్లో మొదటిది నమ్మకపోవడమే. దశలు వరుసగానే వస్తాయనుకోవడం పొరపాటు.

తెలుగు సినిమాలో ఈ దుఃఖం తరచు దాపరికంగా కనిపిస్తుంది. దాసరి నారాయణరావు 'ప్రేమాభిషేకం' (1981)లో కాన్సర్ వచ్చిన నాయకుడు ప్రేమించినమ్మాయికి నిజం చెప్పకుండా దూరమవుతాడు. మణిరత్నం 'గీతాంజలి' (1989)లో నాయకుడు, నాయిక ఇద్దరివీ ప్రాణాంతక జబ్బులే. అయినా నాయిక చావు గురించి దాపరికం లేకుండా మాట్లాడుతుంది. ఈ నిబ్బరమే గుండెను ఎక్కువ పిండుతుంది.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల వంటి అటవీ మండలాల్లో ఈ దుఃఖానికి దూరం కూడా తోడవుతుంది. భద్రాచలం ఏరియా ఆసుపత్రి సుమారు 60 కిలోమీటర్లు. అక్కడా కాదంటే ఖమ్మమో వరంగలో పోవాలి. పెద్దాసుపత్రికి రాశారంటే ఇంకా ఆశ ఉన్నట్టేనని ఇంటివాళ్లు అనుకుంటారు. చల్లబడుతున్న అరికాళ్లను అరచేతులతో రుద్దుతూ "ఏం కాదు, లేస్తడు" అంటారు. రచయిత పట్టుకోవలసింది ఆ చేతులనే. గుండెలు బాదుకునే ఏడుపు తర్వాతి సంగతి.

ఈ ప్రాంతపు కోయల్లో శోకం ఇంటిదీ ఊరిదీ. కలిగినవారు పోతే ఆవునో ఎద్దునో కోసి, తోకను పోయినవారి చేతిలో పెట్టేవారని దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ 19వ శతాబ్దంలో రాశాడు. దక్షిణ భారత కులాలు, తెగలపై థర్‌స్టన్ 1909లో వెలువరించిన గ్రంథంలోనూ ఆ వివరం ఉంది.