పిడుగుల వలన విద్యుత్ లైన్లలో ప్రేరిత వోల్టేజి

పిడుగు విద్యుత్ తీగను తాకకుండా, సమీపంలోని నేలపైన గానీ, చెట్టుపైన గానీ, భవనంపైన గానీ పడినప్పుడు దాని విద్యుదయస్కాంత క్షేత్రం వలన తీగలో కొన్ని మైక్రోసెకండ్ల పాటు ఉత్పన్నమయ్యే అధిక వోల్టేజిని ప్రేరిత వోల్టేజి అంటారు. పిడుగు లైనుపై పడితేనే ట్రాన్స్‌ఫార్మరు కాలుతుందనేది చాలామందిలో ఉన్న అపోహ.

పరిమాణం

దీనిని లెక్కించుటకు స్వీడన్‌కు చెందిన సూనె రస్క్ 1958లో ఒక సూత్రాన్ని ప్రతిపాదించాడు. స్థూలంగా చెప్పాలంటే, పిడుగు ప్రవాహాన్ని (కిలోఆంపియర్లలో) తీగ ఎత్తుతోను, 38.8తోను గుణించి, పిడుగు పడిన చోటికి గల దూరంతో భాగిస్తే గరిష్ఠ వోల్టేజి కిలోవోల్టులలో వస్తుంది. ఎత్తును, దూరాన్ని మీటర్లలో తీసుకోవాలి. 8 మీటర్ల ఎత్తున ఉన్న తీగకు 100 మీటర్ల దూరంలో 30 కిలోఆంపియర్ల పిడుగు పడితే సుమారు 93 కిలోవోల్టులు ప్రేరితమవుతాయి. మన పల్లెలలో కనిపించే 11 కిలోవోల్టుల లైన్ల పరికరాలు సాధారణంగా 75 కిలోవోల్టుల ఇంపల్స్‌ను తట్టుకొనేటట్లు తయారవుతాయి. కాబట్టి ఈ పిడుగు వాటికి ప్రమాదకరమే. ప్రేరిత వోల్టేజి 300 కిలోవోల్టులు దాటడం అరుదు. అందువలన 132 కిలోవోల్టులు, అంతకు మించిన లైన్లకు దీనితో అంతగా భయం లేదు.

పరిసరాల ప్రభావం

బయలు పొలాలలో చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైనది లైనే కనుక పిడుగు నేరుగా దానిపైనే పడే అవకాశం ఎక్కువ. తోటల మధ్య, ఊళ్ళలో చెట్లు, భవనాలు పిడుగును తమపైకి తీసుకుంటాయి. అయితే పిడుగు పడే చోటు లైనుకు దగ్గరవుతుంది. పై ఉదాహరణలోనే 30 మీటర్ల దూరంలోని చెట్టుపై పడితే వోల్టేజి సుమారు 310 కిలోవోల్టులకు చేరుతుంది. అంతమాత్రాన చెట్టు లైనుకు శత్రువని భావించరాదు. అదే పిడుగు నేరుగా తీగపై పడితే ప్రవాహం రెండు వైపులా చీలి, తీగ సర్జ్ ఇంపెడెన్సు 400 ఓములనుకుంటే, సిద్ధాంత రీత్యా 6,000 కిలోవోల్టులు ఏర్పడతాయి. దానిని ఏ పంపిణీ లైను ఇన్సులేటరూ తట్టుకోలేదు. (కొమ్మలు తీగలకు తగలకుండా నరకడం వేరే విషయం.) లైను పక్కనే ఉన్న భవనాలు క్షేత్రాన్ని కొంత అడ్డుకుంటాయి కూడా.

నేల స్వభావమూ ముఖ్యమే. రస్క్ సూత్రం నేలను పరిపూర్ణ విద్యుద్వాహకంగా భావిస్తుంది. తడి బంకమట్టి నేలలకు ఇది కొంతవరకు సరిపోతుంది. పొడి రాతి నేలలలో మాత్రం నేలకు సమాంతరంగా కూడా విద్యుత్ క్షేత్రం ఏర్పడి, అనేక సందర్భాలలో వోల్టేజి లెక్కకన్నా ఎక్కువగా ఉంటుంది.

రక్షణ

ట్రాన్స్‌ఫార్మర్ల వద్ద లైట్నింగ్ అరెస్టర్లు అమర్చుతారు. ఎర్త్ చేసిన అదనపు తీగ కూడా ప్రేరిత వోల్టేజిని తగ్గిస్తుంది. రాతి నేలలలో మంచి ఎర్తింగ్ దొరకడం కష్టం కనుక, రక్షణ ఎక్కువ అవసరమైన చోటనే అది బలహీనంగా ఉంటుంది.